గ్యారేజీలో పన్నెండు ఒంటెలు

నా కుడి మోకాలి మీద ఒట్టు, మా అమ్మ చేతి హరీస్ మీద ఒట్టు, మిషిగన్ చలికాలాలన్నిట్లో నాతోపాటు నడుం వంచిన మంచు పార మీద ఒట్టు. ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. ఒట్టు వేసి మొదలుపెట్టమన్నది నా కూతురు. "ఎందుకమ్మా, మీ నాన్న మాట మీద నమ్మకం లేదా?" అని అడిగాను. "లేదు" అంది. కాఫీ కప్పులోంచి తల కూడా ఎత్తలేదు.

నేను అరబ్బును. ఇంత చిన్న వాక్యం రాయడానికి నాకు పద్నాలుగేళ్లు పట్టింది.

మా తాతకు తాత యెమెన్ నుంచి ఓడెక్కి వచ్చి నిజాం సైన్యంలో చేరాడు. హైదరాబాద్ శివారులో సైనికుల బారకాసులుండే చోట అలాంటివాళ్లంతా కాపురాలు పెట్టారు, జామతోటలు వేశారు, లుంగీలు కట్టారు, అక్కడి అమ్మాయిలనే పెళ్లి చేసుకున్నారు. నా దాకా వచ్చేసరికి అరబ్బీ ఆవిరైపోయి, ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మిగిలాయి. మా నాన్నకు వరంగల్ బదిలీ అయితే అక్కడి సర్కారు బడిలో తెలుగు మీడియంలో చదివాను. సెలవులకు మాత్రం హైదరాబాద్‌లో చిన్నాన్న దగ్గరికి పోయేవాణ్ని. నాకొచ్చిన అరబ్బీ అంతా నమాజుకు సరిపడా, మా తాత తిట్లకు సరిపడా. పేరు మాత్రం నిఖార్సైన అరబ్బు పేరు. మధ్యలో ఒకసారి ఊపిరి పీల్చుకుంటే గాని పూర్తికాదు. ముక్కూ అంతే.

మేముండే నోవై ఊరికి అరగంట దూరంలో అసలు సిసలు అరబ్బుల పేట ఒకటుంది. కొత్తలో అక్కడ రొట్టెల దుకాణానికి వెళ్తే, నా క్రెడిట్ కార్డు మీద పేరు చూసి దుకాణం పెద్దాయన మొహం విప్పారింది. గడగడా అరబ్బీ మాట్లాడాడు. నేను మా తాత తిట్లలో కాస్త మర్యాదగా వినిపించేది ఏదైనా ఉందా అని వెతుక్కుంటూ నిలబడ్డాను. చివరికి ఆయన ఇంగ్లిష్‌లో, "నువ్వు ఏ రకం అరబ్బువయ్యా?" అన్నాడు. "ఎక్స్‌పోర్ట్ రకం" అన్నాను. రొట్టె ఒకటి ఎక్కువ వేశాడు, జాలితో.

అలా అసలు అరబ్బులకు నేను హైదరాబాదీని. అమెరికావాళ్లకు అరబ్బును. మా తెలుగువాళ్లకు 'మనోణ్ని'. మూడోది అన్నిటికంటే ప్రేమగా ఉంటుంది, అన్నిటికంటే ఎక్కువ అలసట తెప్పించిందీ అదే. ఎందుకో చెప్తాను.

న్యూయార్క్‌లో జంట టవర్లు కూలిన ఆ సెప్టెంబర్ వచ్చినప్పుడు నా కూతురికి ఐదేళ్లు. నెల తిరక్కముందే ఒక ఆదివారం మధ్యాహ్నం నా స్నేహితుడి ఇంటి బేస్‌మెంట్‌లో తెలుగు కుటుంబాలన్నీ చేరాయి. వీడిది కరీంనగర్. వరంగల్‌లో ఇంజనీరింగ్ ఒకే గదిలో ఉండి చదివాం, ఒకే సబ్బుతో స్నానం చేశాం. వీడి భార్యది గుంటూరు. నా కూతుర్ని రెండేళ్లు పగటిపూట ఆవిడే పెంచింది. అందుకే మా పిల్లకు ఉర్దూ కంటే ముందు 'ముద్దపప్పు' వచ్చింది.

అక్కడ తేలిన విషయం ఏమిటంటే, పిల్లలు బడికి వెళ్తున్నారు, ఎవరైనా ఏమైనా అంటే ఏం చెప్పాలో వాళ్లకు తెలియదు, కాబట్టి ప్రతి పిల్లవాడి బ్యాగులో ఒక కార్డు ఉండాలి. ఒకవైపు భారత జెండా. రెండోవైపు 'నేను ఇండియా నుంచి వచ్చాను, అరబ్బును కాను' అని ఇంగ్లిష్‌లో. నా స్నేహితుడు అప్పటికే ఆఫీస్‌లో ప్రింట్ చేసి, లామినేషన్ కూడా చేయించి తెచ్చాడు. పకోడీల పళ్లెంతోపాటు కార్డుల కట్ట కూడా చేతులు మారింది. నా ముందుకు వచ్చింది.

"తీస్కోరా భాయ్. నీ బిడ్డకు గూడ ఒకటి చేసిన" అన్నాడు.

"నాక్కూడానా?"

"నీకెందుకు రాదు? నువ్వు మనోడివే గదా!"

పక్కన ఎవరో దగ్గారు. నా స్నేహితుడి భార్య నా చేతిలోని కార్డు చదివి, మొహం మాడ్చుకుని, "ఏవండీ, మీకసలు బుర్రుందా?" అంది. "అన్నయ్యగారూ, ఏవనుకోకండి" అని నాకు ఇంకో రెండు పకోడీలు వేసింది.

నేనేమీ అనుకోలేదు. నవ్వాను. "లామినేషన్ బాగా కుదిరిందిరా, మంచులో తడవదు" అన్నాను. కార్డు జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చి నా కూతురి బ్యాగు ముందు అరలో వేశాను. ఆ రోజు ఆ బేస్‌మెంట్‌లో 'అరబ్బును' అని రాసి ఉన్న కార్డు అవసరమైంది ఒక్కడికే, వాడు 'కాను' అని రాసి ఉన్నది తెచ్చుకున్నాడు.

అప్పట్నుంచి నాకు రెండు ఉద్యోగాలు. మొదటిది కార్ల సీటు బెల్టులు పరీక్షించడం. మిషన్‌కు బెల్టు తగిలించి వేలసార్లు లాగి వదులుతాం. ఒక్క గుంజుకు తెగే బెల్టు చాలా తక్కువ. రోజులు గడిచేకొద్దీ అంచున పోగులు లేస్తాయి, రంగు వెలుస్తుంది. రిపోర్ట్‌లో 'ఇంకా పనిచేస్తోంది' అని రాసి సంతకం పెడతాను. రెండో ఉద్యోగం నవ్వించడం. దానికి సెలవుల్లేవు.

పెట్రోల్ కొట్టించుకుంటుంటే పక్క పంపు దగ్గర ట్రక్కు ఆసామి నన్ను పైనుంచి కిందికి చూసి, "వచ్చిన చోటికి పో" అన్నాడు. "పోవాలనే ఉంది సార్, కానీ తొంభై ఆరో నంబరు హైవే మీద రోడ్డు పని నడుస్తోంది. ఎటు నుంచి పొమ్మంటారు?" అన్నాను. మిషిగన్‌లో పుట్టినవాడు రోడ్డు పని మాట వింటే ఆగలేడు. "తొంభై ఆరు ఎక్కకు, చచ్చిపోతావు. రెండు డెబ్బై ఐదు పట్టుకుని కిందికి దిగు" అంటూ నన్ను ఒహాయో దాటించేదాకా దారి చెప్పాడు. చివర్లో జాగ్రత్తగా వెళ్లమన్నాడు కూడా.

ఇంకోసారి హైదరాబాద్ నుంచి వస్తూ మా ఆవిడ పెద్ద స్టీలు దేగ్చీ ఒకటి చేతిసామానులో తెచ్చింది. గోధుమలూ మాంసమూ గంటల తరబడి మెదిపే హరీస్ వండటానికి అంత మందం అడుగున్నది ఇక్కడ దొరకదని ఆవిడ వాదన. ఎయిర్‌పోర్ట్‌లో మామూలుగానే మమ్మల్ని పక్కకు పిలిచారు. అధికారి దేగ్చీలోకి తొంగి చూశాడు, టార్చి వేసి చూశాడు, తిరగేసి వేలి కణుపులతో అడుగు మీద కొట్టాడు. ఠంగ్ మంది. "కొంచెం అంచుకు కొట్టండి సార్, తాళం తప్పుతోంది" అన్నాను. ఆయన నవ్వాడు, వెనకాలవాళ్లు నవ్వారు. మమ్మల్ని వదిలేశారు.

కారెక్కాక మా ఆవిడ దేగ్చీని ఒళ్లో పెట్టుకుని, ఆయన కొట్టిన చోట కొంగుతో తుడిచింది. తర్వాత, "ప్రతిసారీ నువ్వే ఎందుకు నవ్వించాలి? ఒక్కసారి వాళ్లు మనల్ని నవ్వించొచ్చు కదా" అంది.

దీనికి కూడా ఏదో జోక్ వేశాను. గుర్తులేదు.

ఇక ఒంటెల సంగతి. నా కూతురు మూడో తరగతిలో ఉండగా స్కూల్ బస్సులో ఒక పిల్లవాడు, "మీ నాన్న అరబ్బా?" అని అడిగాడట. పొద్దున్న జడ వేస్తుంటే చెప్పింది. జడ వేసే డ్యూటీ నాది. జడ కుదిరే లోపల ఒక కథ చెప్పాలి, లేకపోతే తల తిప్పేస్తుంది. మా తాతకు తాత కావలి కాస్తూ మూడు రోజులు కళ్లు తెరుచుకుని నిలబడి నిద్రపోయిన కథ, నిజాం వచ్చి ఆ కళ్లను చూసి జడుసుకుని జీతం పెంచిన కథ, అన్నీ ఆ జడల్లో అల్లినవే.

"కార్డు చూపించావా?" అన్నాను.

"చూపించా. వాడు చదవలేదు. మళ్లీ అడిగాడు."

"అయితే ఈసారి ఇలా చెప్పు. అవును, మా ఇంట్లో పన్నెండు ఒంటెలున్నాయి. గ్యారేజీలో కట్టేస్తాం. అందుకే మా కార్లు బయట మంచులో ఉంటాయి, అను."

కిలకిలా నవ్వింది. మా కార్లు నిజంగానే బయట ఉండేవి. గ్యారేజీ నిండా డబ్బాలు. సాయంత్రం బస్సు దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది. "బాబా! అందరూ నవ్వారు!" అంది. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. నా విద్య కూతురికి అబ్బింది.

రెండు నెలల తర్వాత తల్లిదండ్రులు తరగతికి వచ్చి తమ ఉద్యోగాల గురించి చెప్పే రోజు వచ్చింది. ఆఫీస్ నుంచి సీటు బెల్టు ముక్కలు పట్టుకెళ్లాను. బెల్టు గురించి రెండు మాటలు చెప్పానో లేదో, వెనక బెంచీ నుంచి ఒకడు, "ఒంటెలు నిజమేనా?" అన్నాడు. నా కూతురు నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. అప్పుడు మాత్రం దాన్ని తప్పుగా చదివాను, కానివ్వు అంటోందనుకున్నాను.

"పన్నెండు కాదు, పదమూడు. మొన్న ఒకటి ఈనింది" అన్నాను. క్లాసు గొల్లుమంది. టీచర్ కళ్లు తుడుచుకుంది. ఒంటెలకు కూడా సీటు బెల్టు పెడతామని బెల్టు ముక్క బల్లకు చుట్టి చూపించాను. అరగంట అనుకున్నది గంట నడిచింది. అంత చప్పట్లు నా జీవితంలో ఎప్పుడూ పడలేదు.

నా కూతురు చప్పట్లు కొట్టిందో లేదో చూడలేదు.

పద్నాలుగు నిండి పదిహేనులో పడుతుండగా తనకు డ్రైవింగ్ నేర్పించాను. ఆదివారం పూట ఖాళీగా ఉండే స్కూల్ పార్కింగ్ లాట్, అంచులకు ఎత్తిపోసిన మురికి మంచు, గంటకు పది మైళ్ల వేగం. స్టీరింగ్‌ను రెండు చేతులతో పట్టుకుని ఎదురుగా చూస్తూ తను నడుపుతోంది. చూపు పక్కకు తిప్పే వీల్లేదని నేనే నేర్పాను. అందుకే చెప్పగలిగిందనుకుంటాను.

"బాబా, నా పేరు ఏంటో తెలుసా స్కూల్‌లో?"

"ఏమిటి?"

"క్యామెల్. థర్డ్ గ్రేడ్ నుంచి. లాకర్ మీద బొమ్మ వేస్తారు. బస్‌లో సౌండ్ చేస్తారు. నేను వాటర్ తాగితే కౌంట్ చేస్తారు, ఎన్ని గల్ప్స్ అని."

వైపర్ పొడి అద్దాన్ని గీకుతోంది. కట్టేయమని చెప్పాలని కూడా తోచలేదు.

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు ఇంకో జోక్ చెప్తావు కదా."

లాట్ చివర జాగ్రత్తగా మలుపు తిప్పింది. ఇండికేటర్ కూడా వేసింది, వెనక ఎవరూ లేకపోయినా.

"ఇప్పుడు ఎవరైనా అడిగితే ఇండియన్ అని చెప్తా. అంతే. ఆ కార్డ్‌లో ఉన్నట్టు. అది ఈజీ. కానీ బాబా, అది రాంగ్ కూడా కదా?"

"రాంగ్ కాదురా. మనం ఇండియన్సే. కాకపోతే మీ తాతల తాత ఓడలో వస్తుంటే..."

బ్రేక్ తొక్కింది. పది మైళ్ల వేగంలోనైనా సీటు బెల్టు నా భుజాన్ని పట్టుకుంది. మంచి బెల్టు.

"నో షిప్. నో నిజాం. నో ఒంటె. ఒక్కసారి మామూలుగా చెప్పు."

మామూలుగా చెప్పే పాఠం నా దగ్గర తయారుగా లేదు.

"నాకు కాదు" అంది మెత్తగా. "నాకు తెలుసు. బయటివాళ్లకి చెప్పు. ఒక్కసారి. జోక్ లేకుండా. నేను వినాలి."

"చెప్తాను."

"ప్రామిస్?"

"ప్రామిస్."

ఆ మాట ఇచ్చాక మూడేళ్లు గడిచాయి. అవకాశాలు రాలేదని చెప్పను. కొత్తగా వచ్చిన పొరుగింటావిడ కుకీలు పట్టుకొచ్చి, ఏ దేశం మీది అంటే, నా కూతురు మెట్ల మీద నిలబడి విన్నది. "మా ఆవిడ వంటింటి దేశం, అక్కడ పాస్‌పోర్ట్ అడగరు" అన్నాను. మెట్ల మీద అడుగుల చప్పుడు పైకి వెళ్లిపోయింది. ఆఫీస్ పార్టీలో అడిగారు, డెంటిస్ట్ అడిగాడు, నోరు తెరిచే ఉంది కాబట్టి వాడికి జవాబివ్వకుండా తప్పించుకున్నాను. ప్రతిసారీ ఇంటికొచ్చి అద్దం ముందు ఆ వాక్యం పలికి చూసేవాణ్ని. నేను అరబ్బును. అద్దంలోవాడు మీసం కింద నవ్వు దాచుకునేవాడు. వాణ్ని చూసి నాకే నమ్మకం కలిగేది కాదు.

మూడేళ్ల తర్వాత నా స్నేహితుడి కొడుకు పెళ్లి కుదిరింది. ఆ బేస్‌మెంట్‌లో నా కూతురి పక్కన కూర్చుని కార్డు అందుకున్న పన్నెండేళ్ల పిల్లవాడే. పెళ్లి ఒక హోటల్లో, ముహూర్తం మధ్యాహ్నం. దానికి ముందు పొద్దున్న హోటల్ పార్కింగ్ లాట్‌లో బరాత్. కరీంనగర్‌వాడు కొడుకు పెళ్లికి బరాత్ లేకుండా ఊరుకోడు. మా ఆవిడ ఖుబానీ కా మీఠా చేసి ఆ దేగ్చీ నిండా తెచ్చింది. వంటవాళ్లకు అప్పజెప్పి, దేగ్చీ కడిగి, మళ్లీ డిక్కీలో పెట్టుకుంది. ఆ పాత్రను ఎవరి దగ్గరా వదిలిపెట్టదు.

పెళ్లికొడుకు టాప్ లేని కారులో ఎక్కాడు. స్పీకర్ మోగింది, నాలుగడుగులు వేశారో లేదో ఆగిపోయింది. తీగలు పీకారు, పెట్టారు, తట్టారు. లేదు. రెండు వందల మంది పట్టుచీరలూ షేర్వాణీలూ వేసుకుని, చేతులు సగం గాల్లోకి లేపి నిలబడ్డారు. పెళ్లికూతురి తరఫువాళ్లు ఎదురుగా తలుపు దగ్గర పళ్లేలతో నిలబడి చూస్తున్నారు. నా స్నేహితుడి మొహం తలపాగా కింద నీరుగారింది. అప్పుడు నన్ను చూశాడు.

"వారీ! నువ్వు మీ చిన్నాన్న బ్యాండ్ల కొడుతుంటివి గదరా! మర్ఫా!"

నిజమే. మా చిన్నాన్నకు మర్ఫా మేళం ఉండేది. బానపొట్ట డోళ్లు, చేతి డప్పులు, వాటి మధ్య తాళానికి ఒక స్టీలు బిందె. సెలవుల్లో ఆ బిందె నాది. మేళంలో అందరికంటే చిన్నవాడికి ఇచ్చే పని అది. యెమెన్ నుంచి వచ్చిన సిపాయిలు తెచ్చుకున్న వాయిద్యం. తర్వాత తర్వాత హైదరాబాద్‌లో మర్ఫా లేకుండా ఎవరి పెళ్లీ జరగలేదు, ఏ మతంవాడిదైనా.

"అరే, కొట్టురా భాయ్. ఇజ్జత్ పోతది" అన్నాడు.

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ డిక్కీ వైపు చూసి, నా వైపు చూసి, "సొట్ట పడిందంటే నీ సంగతి చెప్తా" అంది.

దేగ్చీని డిక్కీలోంచి తీసి చంకలో ఇరికించుకుని, దాంట్లోని చెక్క గరిటె అందుకున్నాను. మొదటి నాలుగు దెబ్బలకు చెయ్యి తాళం వెతుక్కుంది. ఐదోదానికి దొరికింది. టక్-టట్టక్-టక్. నా స్నేహితుడు కేక పెట్టి ఎగిరాడు. వాడి భార్య పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంది. కుర్రాళ్లు చెత్తబుట్టలు తిరగేసి అందుకున్నారు. టోల్ కట్టినట్టు ఒక్కొక్కళ్లూ వచ్చి మధ్యలో నాలుగు గంతులు వేసి పోయారు. హోటల్ మేనేజర్ ఆపమని చెప్పడానికి వచ్చి భుజాలు ఊపడం మొదలుపెట్టాడు. పార్కింగ్ లాట్ దాటడానికి రెండు నిమిషాలు పట్టాలి, నలభై నిమిషాలు పట్టింది.

తలుపు దగ్గర ఆపాను. గరిటె విరిగింది. మోకాలు ఒకటే పోటు. పెళ్లికూతురి పెదనాన్న ముందుకు వచ్చాడు. హైదరాబాద్‌లో మెడిసిన్ చదివి డెబ్బైల్లో అమెరికా వచ్చి, ఇప్పుడు రిటైరైన డాక్టర్. కళ్లలో నీళ్లు.

"నలభై ఏళ్లయిందయ్యా ఈ దెబ్బ విని! ఇదీ మన కల్చర్ అంటే! అచ్చంగా మనది. ఈ పిల్లలకి ఇవి తెలియకపోతే ఎట్లా? ఇంతకీ నువ్వెక్కడ నేర్చుకున్నావోయ్?"

చుట్టూ అందరూ నవ్వుతూ చూస్తున్నారు. ఆయన వెనక నా కూతురు. పద్దెనిమిదేళ్లది, లంగా ఓణీలో, బోర్లించిన చెత్తబుట్ట చంకలో పెట్టుకుని. నవ్వడం లేదు. ఎదురుచూస్తోంది.

"ఇది అరబ్బుల వాయిద్యం సార్" అన్నాను. "మావాళ్లు యెమెన్ నుంచి తెచ్చారు. నేను అరబ్బును."

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి అందులో ఏమీ లేదు. డాక్టర్ నా మొహంలోకి చూసి నా చెయ్యి పట్టుకున్నాడు. "అయితే ఏవయ్యా, ఇంకోసారి కొట్టు" అన్నాడు. నా స్నేహితుడు తలపాగా తీసి చేత్తో పట్టుకుని, "నాకు తెల్సురా. ఎప్పట్నుంచో తెల్సు. ఆ కార్డు తప్పయిందిరా" అన్నాడు. నా కూతురు చెత్తబుట్ట కింద పెట్టి వచ్చి నన్ను కావలించుకుంది.

ఇక్కడిదాకా చదివి నా కూతురు కాగితాలు బల్ల మీద పెట్టింది. "ఒట్టు వేశావు కదా బాబా" అంది.

వేశాను. అందుకే చెప్తున్నాను. కార్డు నిజం, ఒంటెలు నిజం, పదమూడో ఒంటె పుట్టిందనడం కూడా నిజం. నలభై నిమిషాలు కాదు, పదిహేను. మేనేజర్ భుజాలు ఊపలేదు. గరిటె విరగలేదు. అవి చిన్నవి. అసలు అబద్ధం ఇది: ఆ మాట నేను అనలేదు.

డాక్టర్ అడిగినప్పుడు నేను, "ఏదో చిన్నప్పుడు పెళ్లిళ్లలో చూసి నేర్చుకున్నా సార్. బిందె ఖాళీగా కనిపిస్తే చేతులు ఊరుకోవు" అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు అయిపోయేదాకా ఆగి నా కూతురు మాట్లాడింది. తన తెలుగులో, తన అమెరికా యాసలో.

"అది అరబ్ మ్యూజిక్, అంకుల్. మా బాబా వాళ్లది. యెమెన్ నుంచి వచ్చింది. మేము అరబ్స్."

పైన రాసేటప్పుడు ఆ మాటల్ని సరిచేసి, సార్ తగిలించి, నా నోట్లో పెట్టుకున్నాను.

డాక్టర్ నా చెయ్యి పట్టుకోలేదు. "ఓ. వెరీ నైస్, వెరీ నైస్" అని ఒకసారి వాచీ చూసుకుని కాఫీ ఎక్కడుందో కనుక్కోవడానికి వెళ్లాడు. నా స్నేహితుడు నేలమీద పడ్డ పూలరేకులు కాలితో పక్కకు నెడుతూ నిలబడ్డాడు. కాసేపటికి, "పాండ్రి, లోపలికి పాండ్రి, ముహూర్తం అయితుంది" అని అందర్నీ తోలుకుపోయాడు. కార్డు మాట వాడు ఇప్పటిదాకా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వాడి భార్య మాత్రం వెళ్తూ వెళ్తూ నా కూతురి చెంప నిమిరి, "బాగా చెప్పావు తల్లీ" అంది. అది నిజం. అంతవరకే జరిగింది.

కావలించుకోవడం కూడా లేదు. దేగ్చీ పట్టుకుని కారు దాకా ఇద్దరం నడిచాం. సగం దారిలో, "నేను చెప్పాల్సింది" అన్నాను. "ఊఁ" అంది. డిక్కీ తెరిచింది. "నువ్వే చెప్పినట్టు రాసుకో బాబా, ఎప్పుడైనా రాస్తే. నాకు ఓకే. కానీ లాస్ట్‌లో నిజం చెప్పు."

చెప్పాను.

దేగ్చీకి అంచు దగ్గర సొట్ట పడింది. వారం తర్వాత మా ఆవిడ దాన్ని వెలుగులోకి తిప్పి చూసి, "ఇదెవరు చేశారు?" అంది. నా కూతురు అక్కడే కూర్చుని ఏదో చదువుకుంటోంది. ఒంటె తొక్కిందనబోయాను. నోటిదాకా వచ్చింది.

"నేనే" అన్నాను.